కుర్చీ బాబాయి

కుర్చీ లేకుండా గడప దాటలేకపోవడం అనే జబ్బుకి ఎక్కడైనా మందుంటే, మొదటి మోతాదు కండక్టరమ్మ వాళ్ళ బాబాయికి పట్టించాలి. లోకంలో మనుషులు బయటికెళ్ళేటప్పుడు గొడుగు తీసుకెళ్తారు, సంచీ తీసుకెళ్తారు, మరీ తప్పకపోతే భార్యని తీసుకెళ్తారు. ఈయన మడత కుర్చీ తీసుకెళ్తాడు. పెళ్ళికి కుర్చీ, పరామర్శకి కుర్చీ, పంటి డాక్టరు దగ్గరికి కుర్చీ. ఒకసారి కుర్చీలమ్మే కొట్టు ప్రారంభోత్సవానికి పిలిస్తే అక్కడికీ చంకలో కుర్చీతోనే వెళ్ళాడు. కొట్టు యజమాని మొహం మాడిపోయింది.

పోనీ, అంత మోసుకెళ్ళినవాడు హాయిగా కూర్చుంటాడా అంటే అదీ లేదు! వెళ్ళిన చోటల్లా ఈయన కుర్చీ విప్పుతాడు, ఎవరో ఒకరు వచ్చి అందులో చతికిలబడతారు, ఈయన గోడకానుకుని నిలబడతాడు. వాళ్ళు లేచాక కుర్చీ మడిచి ఇంటికొస్తాడు. నలభై ఏళ్ళుగా ఇదే వరస. ఊళ్ళో అందరూ కుర్చీ బాబాయి అంటారు గానీ, ఆ కుర్చీలో ఆయన కూర్చోగా చూసిన నరమానవుడు లేడు.

"ఇంత అమాయకుడేంటే మీ బాబాయి!" అని పిన్ని కండక్టరమ్మ దగ్గర నెత్తి కొట్టుకునేది. "సొంత కుర్చీ కూడా కాపాడుకోలేడు. ఈయన్ని నమ్ముకుని కాపురం చేస్తున్నాను చూడు, అదీ నా ధైర్యం."

బాబాయి వడ్రంగి. కుర్చీ ఆయన చేతి పనే. టేకు కాళ్ళు, ఇత్తడి మరలు, కూర్చునే చోట వరసగా ఏడు చెక్క బద్దలు. పేరుకి మడత కుర్చీయే గానీ ఎత్తి చూస్తే మడిచిన మంచమంత బరువు. అందులో కూర్చున్నవాళ్ళు పావుగంటలో లేచి నిలబడతారు. అది చూసి ఆయన మురిసిపోతాడు. "చూశావా అమ్మాయ్, నా కుర్చీలో కూర్చుంటే బద్ధకమన్నది రాదు. ఎంత ముసలివాళ్ళైనా ఎంత హుషారుగా లేస్తారో! అదంతా కొలతలో ఉంటుంది."

ఈ ఘనకార్యాలన్నీ అందరికంటే ఎక్కువగా భరించింది ఆయన అన్న కూతురు. సిటీ బస్సులో కండక్టరు. వయసు నలభైకి ఒకటి తక్కువ. గొంతు విప్పిందంటే ఆఖరి సీట్లో నిద్రపోయేవాడు కూడా ఉలిక్కిపడి టికెట్ చూపిస్తాడు. ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ ఆమె కండక్టరమ్మే. రోజంతా నిలబడి "జరగండి, జరగండి" అనడం ఆమె ఉద్యోగం. అలాంటి మనిషి బస్సులోకే ఒకరోజు బాబాయి కుర్చీతో సహా ఎక్కాడు.

"బాబాయ్, బస్సులో సీట్లుంటాయి. కుర్చీ ఎందుకు?"

"ఖాళీ ఉన్నాయా?"

"లేవు."

"మరి! అందుకే."

అంటూ నడి బస్సులో కుర్చీ విప్పాడు. టికెట్ కోసం ఇటు తిరిగేలోగా కూరగాయల బుట్టతో ఒక లావుపాటావిడ అందులో కూర్చుంది. డ్రైవరు బ్రేకు వేశాడు. ఆవిడా, బుట్టా, కుర్చీ కలిసి డ్రైవరు వెనక దాకా జారుకుంటూ వెళ్ళిపోయాయి. దారిలో ఉన్నవాళ్ళందరూ వాళ్ళంతట వాళ్ళే జరిగారు. ఆ పూటకి కండక్టరమ్మ గొంతుకి విశ్రాంతి దొరికింది గానీ, ప్రాణానికి దొరకలేదు.

అయితే ఆ కుర్చీ అన్నిటికంటే ఎక్కువసార్లు వెళ్ళిన చోటు సైనిక రికార్డుల ఆఫీసు.

కండక్టరమ్మ తండ్రి, అంటే బాబాయికి అన్న, యుద్ధానికి వెళ్ళాడు. అప్పటికి ఆమె ఇంకా పుట్టలేదు. సరిహద్దు నుంచి మూడు ఉత్తరాలొచ్చాయి. తుపాకీ పట్టుకుని దిగిన ఫోటో ఒకటొచ్చింది. ఆ తర్వాత సెలవు మీద వెళ్తున్న సిపాయి ఎవరో దారిలో రైలు దిగి ఇంటికొచ్చి, "మీవాడు ఇక రాడమ్మా, శత్రువుల గుండు పడింది" అని నాయనమ్మతో చెప్పి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా మళ్ళీ రైలెక్కేశాడు. కాగితం మాత్రం రాలేదు. అడగడానికి వెళ్తే ఆఫీసువాళ్ళు పుస్తకం తిరగేసి, "పోరాడినవాళ్ళలో ఈ పేరు గల మనిషి లేడు" అన్నారు.

లేడు! లోకానికి అంతకంటే ఏం కావాలి? పారిపోయాడన్నారు. ఎక్కడో ఇంకో సంసారం పెట్టాడన్నారు. బళ్ళో ఒక పిల్ల "మీ నాన్న యుద్ధం నుంచి పారిపోయాడటగా" అంటే, అప్పటికి ఎనిమిదేళ్ళ కండక్టరమ్మ నడుం మీద చెయ్యి పెట్టి, "మా నాన్న యుద్ధం దాకా వెళ్ళాడు. మీ నాన్న వీధి చివరిదాకా వెళ్ళాలంటే మీ అమ్మ తోడెళ్ళాలి" అని చెప్పి వచ్చింది. అక్కడ అలా అంది గానీ ఇంటికొచ్చి ఏడ్చింది. ముప్పై ఏళ్ళు దాటినా ఆ ఏడుపు లోపలెక్కడో అలాగే ఉంది. తండ్రి పోయాడని కాదు, పోయాడని కూడా ఎవరూ ఒప్పుకోలేదని.

బాబాయి ఊరుకునే రకమా! ఏడాదికి రెండు అర్జీల చొప్పున పెడుతూనే ఉన్నాడు. ప్రతి అర్జీకీ తుపాకీ ఫోటో నకలు జతచేసేవాడు. 'సైన్యంలో చేసిన పని' అనే గడిలో గుండ్రటి అక్షరాలతో 'తుపాకీ పట్టి పోరాడుట' అని రాసేవాడు. ప్రతిసారీ 'లేడు' అనే జవాబొచ్చేది. "లేకపోవడమేంటి? నా అన్న ఉన్నాడో లేడో నాకు తెలీదా, వాళ్ళకి తెలుసా?" అని కుర్చీ చంకన పెట్టుకుని మళ్ళీ బయల్దేరేవాడు.

ఈ ఏడాది వ్యవహారం పీకల మీదికొచ్చింది. ఊరి పార్కులో, యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాతిగోడ ఒకటుంది. అది బీటలు వారిందని కొత్తది కడుతున్నారు. కొత్తగా చేర్చాల్సిన పేర్లుంటే నెలాఖరులోగా రికార్డుల ఆఫీసు సంతకంతో రుజువులు తేవాలనీ, ఆ తర్వాత ఇక ఉలి ముట్టేది లేదనీ ప్రకటించారు. ఇంకా పదిరోజుల గడువుందనగా బాబాయి నిచ్చెన మీంచి జారి మడమ బెణికించుకున్నాడు. డాక్టరు గట్టిగా కట్టు కట్టి, "నిలబడ్డారంటే మాత్రం నా పూచీ లేదు" అన్నాడు.

కండక్టరమ్మ సెలవు పెట్టింది. "నేనొస్తాను బాబాయ్. కుర్చీ కూడా నేనే మోస్తాను. కానీ ఈసారి అందులో నువ్వే కూర్చోవాలి. ఎవడు లాక్కుంటాడో నేనూ చూస్తా!"

"అలాగేలే" అన్నాడు బాబాయి. ఆ 'లే'లో ఉన్న మోసం ఆమెకి అప్పుడు తెలియలేదు.

రికార్డుల ఆఫీసు వరండా రైలుపెట్టెలా సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఒక పక్క కౌంటర్లు, ఇంకో పక్క గోడ. బల్ల లేదు, అరుగు లేదు. కౌంటర్ల లోపలివాళ్ళకి తిరిగే కుర్చీలు, బయటివాళ్ళకి సొంత కాళ్ళు. వరసలో సగం మంది ముసలివాళ్ళే. బాబాయి కుంటుకుంటూ వచ్చేసరికి ఆ వరసంతా ఒక్కసారి ఇటు తిరిగింది.

"ఏం బాబాయ్, పోయిన వారం కుర్చీ కనపడలేదు. ఒంట్లో బాగుందా?" అని అడిగింది ఒక ముసలమ్మ. కుర్చీకి ఒంట్లో బాగుందా అనా, ఆయనకా అన్నది కండక్టరమ్మకి అర్థం కాలేదు.

ఆమె కుర్చీ విప్పింది. బాబాయి మోకాళ్ళు వంచాడు. కూర్చోబోయాడు. నిజంగానే కూర్చోబోయాడు. అంతలో ముందున్న తాత ఒకాయన గోడ పట్టుకుని వగర్చడం కనిపించింది. వంచిన మోకాళ్ళు వంచినట్టే మళ్ళీ లేచాయి.

"ముందు ఆ తాతగారిని కూర్చోనీ అమ్మాయ్."

"కాలు విరిగింది నీకు బాబాయ్!"

"విరగలేదు. బెణికింది."

తాత మొహమాటపడకుండా కూర్చున్నాడు. "చల్లగా ఉండు నాయనా. నేను సైన్యంలో పనిచేశాను. ఏటా ఒకసారి బతికే ఉన్నానని ఇక్కడికొచ్చి చూపించుకోవాలి. ఇవాళ ఈ వరసలో నిలబడి, చూపించుకునే లోపే పోతాననుకున్నా."

సైన్యం అన్న మాట వినపడ్డాక బాబాయి ఆగుతాడా! జేబులోంచి ఫోటో తీసి తాత చేతిలో పెట్టాడు. తాత దాన్ని దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు, తర్వాత కిసుక్కున నవ్వాడు.

కండక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏంటి తాతా ఆ నవ్వు? ఆయన మా నాన్న!"

"కోప్పడకమ్మా. తుపాకీ చూసి నవ్వొచ్చింది. పట్టుకున్న తీరు చూడు, అచ్చం గరిటె పట్టుకున్నట్టు లేదూ? ఇలాంటి ఫోటో నా దగ్గరా ఉంది. మా వంటశాలలో అందరం దిగాం. కాపలావాడి తుపాకీ అరువడిగి, ఒకడి తర్వాత ఒకడు. గరిటెతో దిగి పంపిస్తే ఇంట్లో అమ్మ ఏమనుకుంటుంది చెప్పు?"

"వంటవాడా? మా అన్నా?" బాబాయికి రోషం పొడుచుకొచ్చింది. "వాడికి పొయ్యి ముట్టించడమే రాదండీ!"

"ఉత్తరాలేమైనా రాశాడా?"

మూడు ఉత్తరాలూ బాబాయికి కంఠతా వచ్చు. మొదటిదాంట్లో, 'అమ్మా, కూరలో ఉప్పెక్కువైతే ఏం చెయ్యాలో వెంటనే రాయి' అని ఉంది. రెండోదాంట్లో, 'తడిసిన కట్టెలు పొగ రాకుండా మండాలంటే ఏం చెయ్యాలి?' అని ఉంది. మూడోదాంట్లో, 'ఇవాళ అందరూ కడుపునిండా తిన్నారు, ఒక్కరూ తిట్టలేదు, చాలా సంతోషంగా ఉంది' అని ఉంది. బిడ్డ ఇంటి కూర మీద బెంగపెట్టుకున్నాడని నాయనమ్మ ఏడ్చింది. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ నలభై ఏళ్ళపాటు ఆ ఉత్తరాలు తీసి చదివి, అదే చోట ఆగి, అదే బెంగ తలుచుకుని ఏడ్చారు. ఒక్కరికీ ఇంకో ఆలోచన రాలేదు.

"బెంగపెట్టుకున్నవాడికి తడిసిన కట్టెల సంగతెందుకు?" అన్నాడు తాత, కుర్చీలో ఈ పక్క నుంచి ఆ పక్కకి ఒరుగుతూ. "ఇవి రెండొందల మంది చేత తిట్లు తిన్నవాడి ఉత్తరాలు నాయనా. మా వంటవాళ్ళ పుస్తకం వేరే ఉంటుంది. అది చూశారా?"

బాబాయి ఫోటో వంక అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా ఆయన పెంచి పోషించిన తుపాకీ ఇప్పుడు చేతిలోంచి జారిపోతోంది. ఆయన కూలబడిపోతాడేమోనని కండక్టరమ్మ దగ్గరికి జరిగింది.

ఆయన గడ్డం పైకెత్తాడు. "అయితే ఏం? వంటవాడైతే అన్న కాకుండా పోతాడా? పద అమ్మాయ్!" అని కౌంటరు వైపు కుంటుకుంటూ నడిచాడు.

కౌంటరు గుమాస్తా చాలా మర్యాదగా చెప్పాడు. "మీరు తుపాకీ పట్టినవాళ్ళ పుస్తకం చూడమన్నారు, చూశాం. వంటవాళ్ళ పుస్తకం మీరెప్పుడూ అడగలేదు."

"నలభై ఏళ్ళలో మీకైనా తోచలేదా?" అని విరుచుకుపడింది కండక్టరమ్మ.

"సొంత తమ్ముడికే తోచలేదు. మాకేం తోస్తుందమ్మా?"

వెనక గదిలోంచి, తాడుతో కట్టిన పాత పుస్తకం వచ్చింది. దుమ్ము దులిపితే నలుగురు తుమ్మారు. పదకొండో పేజీలో పేరుంది, తండ్రి పేరుంది, ఊరుంది. పక్క గడిలో ఇలా రాసి ఉంది: 'ముందు వరసలోని వారికి ఉదయపు భోజనం మోసుకెళ్ళి, తిరిగి వచ్చు దారిలో గుండు తగిలి మరణించెను. భోజనం వేళకు అందినది.'

కండక్టరమ్మ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. ఉన్నాడు! తండ్రి ఉన్నాడు. పారిపోలేదు, ఎవరితోనూ సంసారం పెట్టలేదు. గిన్నె మోసుకెళ్ళి, పెట్టాల్సిన వాళ్ళకి పెట్టి, వస్తూ వస్తూ పోయాడు. నలుగురిలో ఏడవకూడదనుకుంది. కానీ ఏడ్చింది. బస్సులో అంత గొంతున్న మనిషి ఏడుపు ఎలా ఉంటుంది? వరండా ఆ చివర ఉన్నవాళ్ళు కూడా ఇటు తిరిగి చూశారు.

"మరి ఇంటికి కాగితం ఎందుకు పంపలేదు?" అని అడిగాడు బాబాయి.

పోయిన వంటవాళ్ళ ఇళ్ళకి కాగితం పంపే పని ఏ విభాగానిదో ఇంకా తేలలేదట.

లోపల పెద్దసారు ఆ పేజీ చూశాడు. "దొరికారుగా, సంతోషం. నకలు తీసుకెళ్ళండి."

"గోడ మీద పేరండీ?"

"గోడ పోరాడినవాళ్ళకండి. వంటవాళ్ళకి కాదు."

బాబాయి కట్టు కట్టిన కాలు నేలకి ఆనించి నిటారుగా నిలబడ్డాడు. "సారూ, పొద్దున్న ఏమైనా తిన్నారా?"

"తిన్నాను. ఏం?"

"ఎవరు చేసిపెట్టారు?"

"మా ఆవిడ."

"రేపటి నుంచి మూడు రోజులు ఆవిడకి సెలవివ్వండి. పచ్చి మంచినీళ్ళతో ఉండి, నాలుగో రోజున ఒక్క సంతకం వణక్కుండా పెట్టి చూపించండి. తుపాకీ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం."

పెద్దసారు మొహం కందగడ్డలా అయింది. చుట్టూ చూశాడు. తలుపు బయట కుర్చీ కనిపించింది. "ముందు ఆ కుర్చీ ఎవరిది? ఆఫీసు ఆవరణలో సొంత కుర్చీలు ఉండకూడదు. తీసి స్టోర్ రూములో పడెయ్యండి!"

తాతని లేపి, కుర్చీ మడిచి, ఇద్దరు బంట్రోతులు మోసుకెళ్ళారు. బాబాయి నలభై ఏళ్ళలో మొదటిసారి ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. అలవాటు కొద్దీ చెయ్యి చంకకి దూరంగా పెట్టి, అక్కడ లేని కుర్చీకి చోటిస్తూ నడిచాడు.

సాయంత్రం ఇంట్లో కండక్టరమ్మ ఉండబట్టలేక, "పోనీలే అమ్మా, ఆ కుర్చీ పీడైనా విరగడైంది. మోసింది ఒకడు, కూర్చున్నది ఊరంతా" అంది.

తల్లి బట్టలు మడతపెడుతోంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. చేతిలో చీర పక్కన పడేసింది.

"నోర్ముయ్. ఏం తెలుసు నీకు? మీ నాన్న సంగతి అడగడానికి మొదటిసారి నేనూ మీ బాబాయీ ఆ వరండాకి వెళ్ళాం. నువ్వు కడుపులో ఉన్నావు. నాకు తొమ్మిదో నెల. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాను. మీ బాబాయి కౌంటరు దగ్గరికెళ్ళి ఒక్క కుర్చీ ఇప్పించమని బతిమాలాడు. 'ఇదేమైనా ప్రసూతి ఆస్పత్రా' అన్నాడు వాడు. ఆ రోజు సాయంత్రమే నాకు నొప్పులొచ్చాయి. నువ్వు పుట్టిన మూడో రోజుకల్లా మీ బాబాయి తిండి కూడా మానేసి ఆ కుర్చీ చేశాడు. 'వదినా, ఇక నేనున్న చోట ఇంకో మనిషి అలా నిలబడకూడదు' అన్నాడు. ఎవరూ లాక్కోలేదే పిచ్చిదానా. ఆయనే ఇస్తున్నాడు!"

కండక్టరమ్మ ఆ చీర అందుకుని మడతపెట్టింది. "నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది.

"నువ్వెప్పుడడిగావు? జరగండి జరగండి అనడమే గానీ."

మర్నాడు డ్యూటీ ఎక్కింది. మొదటి స్టాపు దాటగానే గొంతు సవరించుకుంది. "అందరూ వినండి! రేపు పొద్దున్న పది గంటలకి రికార్డుల ఆఫీసు. కుర్చీ బాబాయి కుర్చీలో ఎప్పుడైనా కూర్చున్నవాళ్ళందరూ రావాలి. ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకోవాలి. జరగండి, జరగండి!" ఆ రోజు తిరిగిన అన్ని ట్రిప్పుల్లోనూ ఇదే చెప్పింది. డ్రైవరుకి కూడా కంఠతా వచ్చేసింది.

వచ్చారు. బాబోయ్, ఏం రావడం అది! ఒకావిడ వంటింటి పీట తెచ్చింది. క్షౌరశాలాయన తిరిగే కుర్చీ తోపుడుబండి మీద తోసుకొచ్చాడు. ఎవరో మనవడి బుల్లి కుర్చీ తెచ్చి, అందులో ఇరుక్కుని, రోజంతా లేవలేకపోయారు. బుట్టావిడ అదే బుట్టతో వచ్చింది. బతికే ఉన్న తాత పేము కుర్చీతో వచ్చాడు. పిన్ని కూడా స్టూలు పట్టుకుని వచ్చి, "నేనేం ఆయన కోసం రాలేదు. కుర్చీ కోసం వచ్చాను. అది ఇంట్లో లేకపోతే మోయడానికేమీ లేక నా ప్రాణం తీస్తున్నాడు" అని అందరికీ వినపడేట్టు చెప్పింది.

వరండా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కుర్చీలు. బంట్రోతులు వాటిని పట్టుకెళ్ళడం మొదలుపెట్టి, ఆరో కుర్చీతో స్టోర్ రూము నిండిపోతే మానుకున్నారు. గోల విని పెద్దసారు గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏంటిదంతా?"

"రూలు చూపించండి సార్" అంది కండక్టరమ్మ.

"ఏ రూలు?"

"గోడ మీద పేరుండాలంటే తుపాకీ పట్టి ఉండాలన్న రూలు. నా బస్సులో ఎవరైనా రూలడిగితే నేను చూపిస్తాను. మీరూ చూపించండి. చూపిస్తే ఈ కుర్చీలన్నీ నేనే మోసుకెళ్తా."

పెద్దసారు రూల్సు పుస్తకం తెప్పించి అక్కడే తిరగేశాడు. లావుపాటి పుస్తకం. గదిలోకి వెళ్ళి చూద్దామంటే ఓడిపోయి వెళ్ళినట్టుంటుంది. కూర్చుందామంటే వరండాలో అందరూ కూర్చునే ఉన్నారు, నిలబడి ఉన్నది ఆయనా, కండక్టరమ్మా, బాబాయీ. పావుగంటైంది. పెద్దసారు బరువు ఈ కాలి మీంచి ఆ కాలికి మార్చాడు. మళ్ళీ ఇటు మార్చాడు.

బాబాయి అదే చూస్తున్నాడు. "అమ్మాయ్, ఆయనకి మోకాళ్ళ నొప్పుల్లా ఉన్నాయే. ఎంతసేపని నిలబడతాడు పాపం. స్టోర్ రూములోంచి నా కుర్చీ తెప్పించండి."

"బాబాయ్! నీ కుర్చీ లాక్కున్నది ఆయనే!"

"అందరూ లాక్కునేవాళ్ళే కదే. ఇందులో కొత్తేముంది?"

కుర్చీ వచ్చింది. బాబాయి స్వయంగా విప్పి, పైపంచెతో తుడిచి వేశాడు. పెద్దసారు ఆయన మొహంలోకి చూడలేక కూర్చున్నాడు. కూర్చుని చదివాడు. కుడి పక్కకి ఒరిగి ఒక పేజీ, ఎడం పక్కకి ఒరిగి ఒక పేజీ. ఎక్కడ చూసినా 'యుద్ధరంగంలో విధుల్లో ఉండగా మరణించిన ప్రతి ఒక్కరూ' అనే ఉంది గానీ తుపాకీ ఊసు లేదు. ఇంకో రెండు పేజీలు ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోలేక నడుం రుద్దుకుంటూ గబుక్కున లేచాడు.

"సరే, సరే! ఎక్కడండీ సంతకం పెట్టాలి?"

"చూశావా హుషారు!" అన్నాడు బాబాయి కండక్టరమ్మ చెవిలో.

సంతకం పెడుతూ పెద్దసారు మెత్తగా ఒక మాటన్నాడు. "పేరొక్కటే చెక్కిస్తే సరిపోతుంది కదండీ. పనేంటో రాయకపోతే గౌరవంగా ఉంటుంది."

"కుదరదు. వంటవాడు అని చెక్కాల్సిందే" అన్నాడు బాబాయి. "ఎనభై అర్జీల్లో పని గడి తప్పు రాశాను. ఇదైనా సరిగ్గా రాయనివ్వండి."

చెక్కారు. గోడ తెర తీసిన రోజు, చివరి వరసలో అన్న పేరు, దాని పక్కన 'వంటవాడు' అనే మాట ఎండలో తళతళా మెరిశాయి. అలాంటి మాట ఆ గోడ మీద అదొక్కటే. కండక్టరమ్మ తల్లి గోడ ముందు కుర్చీలో కూర్చుని చాలాసేపు చూసింది.

"ఉప్పెక్కువైతే నాలుగు బంగాళాదుంపలు వెయ్యమని అత్తయ్య జవాబు రాసింది" అంది చివరికి. "ఉత్తరం అందే ఉంటుంది. ఎవరూ తిట్టలేదని రాశాడుగా."

కళ్ళు తుడుచుకుని లేచింది. వెంటనే బుట్టావిడ ఆ కుర్చీ వైపు అడుగు వేసింది. కండక్టరమ్మ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "జరగండి, జరగండి! ఇవాళ మా బాబాయి కూర్చుంటాడు!"

"నాకెందుకే..." అని నసుగుతున్నవాణ్ణి భుజాలు పట్టి కూర్చోబెట్టేసింది. పార్కంతా చప్పట్లు. బాబాయి సిగ్గుపడుతూ వెనక్కి వాలాడు. మొహం చిట్లించాడు. కుడి పక్కకి ఒరిగాడు. ఎడం పక్కకి ఒరిగాడు. చివరికి లేచి, వంగి, నాలుగో బద్ద మీద వేలు పెట్టి తడిమి చూశాడు.

"ఇదేంటి! ఈ బద్ద అంచు పైకి లేచి ఉంది. కత్తిలా గుచ్చుకుంటోంది! ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

తాత ఆకాశం చూశాడు. బుట్టావిడ బుట్టలోకి చూసింది. పిన్ని ఎటు చూడాలో తెలీక, తెర తీయడానికొచ్చిన పెద్దసారుని చూసింది.

"మొదటి రోజు నుంచీ" అంది కండక్టరమ్మ తల్లి.

"నలభై ఏళ్ళా? ఇంతమంది కూర్చున్నారు, ఒక్కరైనా చెప్పలేదేం?"

"అంత ఇష్టంగా వేస్తుంటే ఎవరికి నోరొస్తుంది బాబాయ్!" అంది కండక్టరమ్మ.

బాబాయి ఆ సాయంత్రమే చిత్రిక పట్టి బద్ద నున్నగా చేశాడు. ఇప్పుడొచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు లేవడం లేదు.